కింది గదిలోకి వాన నీళ్లు వస్తున్నాయా? ముందు దారి పట్టుకోండి, తర్వాత డబ్బా కొనండి

గ్రౌండ్ ఫ్లోర్ గదిలోకి వాన నీళ్లు వచ్చిన చాలా ఇళ్లలో మొదట జరిగే పని ఒకటే. హార్డ్‌వేర్ షాపుకెళ్లి ఓ వాటర్‌ప్రూఫింగ్ డబ్బా తెచ్చి లోపలి గోడకు రెండు కోట్లు కొట్టించడం. మరుసటి వానాకాలానికి ఆ పూత బుడగలెక్కి ఊడుతుంది, చెమ్మ పక్క గోడకు పాకుతుంది. రోగం బయట ఉంటే మందు లోపల రాశారు కాబట్టి అలా అవుతుంది. నీళ్లు ఎక్కడినుంచి వస్తున్నాయో తేలకుండా కొన్న ఏ మందూ పనిచేయదు. తేలాక చాలాసార్లు మందుతో పనే ఉండదు, నాలుగు తట్టల కాంక్రీటు చాలు.

ఇక్కడ చెప్పేది వంద నుంచి మూడొందల గజాల్లో కట్టిన విడి ఇళ్ల గురించి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో రోజుల తరబడి నీళ్లు నిలిచాయి. అలాంటి వరదకు ఈ పనులేవీ అడ్డు కావు. మామూలు వానకే గది తడుస్తున్న ఇంటికి ఇవి పనికొస్తాయి.

నీళ్లు వస్తున్న సమయంలో

ముందు కరెంటు. మెయిన్ స్విచ్ (ఎంసీబీ) ఆపండి. ఇన్వర్టర్ ఉంటే దాన్ని విడిగా ఆపాలి. మెయిన్ ఆపగానే ఇన్వర్టర్ తనంతట తాను ఆన్ అయ్యి అవే వైర్లలోకి కరెంటు పంపుతుంది, ఈ సంగతి చాలామందికి తట్టదు. బోర్డు దగ్గరకు వెళ్లడానికి నీళ్లలో నడవాల్సి వస్తే వెళ్లొద్దు, 1912కి ఫోన్ చేసి బయటినుంచే సరఫరా ఆపించండి. తడిసిన స్విచ్‌బోర్డును ఎలక్ట్రీషియన్ విప్పి ఆరబెట్టి చూసేదాకా వాడకూడదు. ఇంట్లో, కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ లేకపోతే ఈ మరమ్మతుల్లో భాగంగా అది కూడా పెట్టించండి.

తర్వాత ఫ్రిజ్, బియ్యం బస్తాలు, మంచం కింద పెట్టెలు ఇటుకల మీదకు ఎక్కించాలి. గడప దగ్గర ఖాళీ సిమెంటు సంచుల్లో సగానికే ఇసుక నింపి, మూతి మడిచి, ఇటుకల వరసలా అతుకు మీద అతుకు రాకుండా పేర్చండి. నిండా నింపిన సంచి గుండ్రంగా బిగుసుకుపోయి కింద సందు వదులుతుంది. సగం నింపిన సంచి నేలకు అంటుకుంటుంది. పేర్చేముందు ఒక పాలిథీన్ షీటు పరిచి, దాని అంచును సంచుల మీదుగా మడిస్తే సందులు మూసుకుపోతాయి.

ఆ హడావుడిలోనే ఫోన్‌తో వీడియో తీసిపెట్టండి. ఏ మూల మొదట తడిసింది, ఎన్ని నిమిషాలకు తడిసింది అన్నది రేపు మేస్త్రికి చెప్పడానికి అంతకంటే మంచి ఆధారం ఉండదు.

ఎప్పుడు వచ్చింది, ఎక్కడ వచ్చింది

జోరువాన మొదలైన పది నిమిషాల్లోనే నీళ్లు కనిపిస్తే అది గడపో, కిటికీయో, గోడలో పగిలిన పైపో. గాలి ఒక దిక్కునుంచి కొట్టినప్పుడు మాత్రమే తడిస్తే ఆ దిక్కు గోడలో పగుళ్లో కిటికీ ఫ్రేమో. గంట, రెండు గంటలకు గోడ అడుగున పట్టీలా తడి తేలితే బయట గోడ వారగా నీళ్లు నిలుస్తున్నాయి. వాన వెలిసి, మర్నాడు ఎండ వచ్చాక టైల్స్ సందుల్లోంచి ఊరుతుంటే నేల కింద నీటిమట్టం పెరిగింది. బాత్రూం జాలీలోంచి నల్లగా, వాసనతో పైకి వస్తే వీధి డ్రైనేజీ ఎదురు తంతోంది.

ఏప్రిల్, మే నెలల్లో కూడా చెమ్మ ఉంటే వానను అనుమానించడం ఆపి, గోడ అవతల ఉన్న బాత్రూం, సంపు, సెప్టిక్ ట్యాంకు వైపు చూడండి.

నాలుగు పరీక్షలు

మొదటిది లెవెల్ పైపు. మేస్త్రుల దగ్గర ఉండే పారదర్శక పైపులో బుడగ లేకుండా నీళ్లు నింపి, ఇద్దరు చెరో కొస పట్టుకుని ఐదు చోట్ల ఎత్తులు గుర్తించాలి: గది నేల, గోడ వారన బయటి నేల, గేటు, రోడ్డు మధ్యభాగం, వీధి కాలువ అడుగు. ఐదు అంకెలూ ఒక కాగితం మీద రాయండి. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఇంటి నేల చుట్టుపక్కల నేలకంటే కనీసం 45 సెంటీమీటర్లు, అంటే అడుగున్నర ఎత్తులో ఉండాలి. పాత తారు గీకకుండా పొర మీద పొర వేసిన వీధుల్లో ఆ అడుగున్నర ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది. అన్నిటికంటే కీలకమైన అంకె వీధి కాలువ అడుగుది. మీ వాకిలి కంటే అది కిందుంటే నీళ్లు వాటంతట అవే పోతాయి. పైనుంటే ఎంత మంచి కాలువ కట్టినా పంపు లేనిదే పని జరగదు.

రెండోది హోస్ పరీక్ష. రెండు మూడు రోజులు వాన లేకుండా ఆరిన గోడ మీద చేయాలి. ఆ గదికి కరెంటు ఆపి, లోపల ఒకరు టార్చి లైటుతో కూర్చోవాలి. బయట ఒకరు కింది నుంచి పైకి పోవాలి.

1. గోడ అడుగున, నేల కలిసే చోట పావుగంట నీళ్లు పట్టండి. లోపల ఏమీ రాకపోతేనే పైకి వెళ్లండి.
2. కిటికీ కింది అంచు, తర్వాత రెండు పక్కలు, ఆ తర్వాత పై అంచు. ఒక్కోచోట పావుగంట.
3. సన్‌షేడ్ పైభాగం, అది గోడలో కలిసే మూల.
4. బీమూ ఇటుక గోడా కలిసే అడ్డగీత, గోడలోని ప్రతి పగులు.

పైనుంచి మొదలుపెడితే కారిన నీళ్లు అన్ని చోట్లనూ తడిపేసి, ఏది దోషో తేలదు. లోపల అనుమానం ఉన్న చోట గోడకు కాస్త టాల్కం పౌడరు అద్దితే మొదటి చుక్క గీత స్పష్టంగా కనబడుతుంది.

మూడోది నీలిమందు. డాబా నుంచి దిగే వాన పైపు గోడలోపల దాగి ఉంటే, బట్టలకు వాడే నీలం కలిపిన రెండు బకెట్ల నీళ్లు పైనుంచి పోయండి. గదిలో నీలం తేలిందంటే పైపు పగిలింది. పక్క బాత్రూం మీద అనుమానం ఉన్నా ఇదే ఉపాయం, కానీ వేరే రోజు చేయండి.

నాలుగోది నేలకు. రెండడుగుల పాలిథీన్ షీటును టైల్స్ సందుల మీద పరిచి, నాలుగు అంచులా టేపు వేసి రెండు రోజులు వదిలేయండి. షీటు అడుగున తడి ఉంటే నీళ్లు నేలలోంచి వస్తున్నాయి. పైన మాత్రమే తడి ఉంటే అది గాలిలోని తేమ చల్లటి నేల మీద పేరుకున్నది, దానికి వాటర్‌ప్రూఫింగ్ అక్కర్లేదు.

డాబా నీళ్లు ఎక్కడ పడుతున్నాయి?

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. వెయ్యి చదరపు అడుగుల డాబా అంటే 93 చదరపు మీటర్లు. గంటలో 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే ఆ డాబా ఒక్కటే 4,650 లీటర్లు దింపుతుంది. చాలా ఇళ్లలో ఈ నీళ్లన్నీ రెండు పైపుల గుండా గోడకు జానెడు దూరంలో నేల మీద పడుతుంటాయి. ఒక పైపుకు ఆకులు అడ్డుపడితే మొత్తం రెండోదాని అడుగునే. అందుకే గది మూల ఒక్కటే తడిసిన ఇళ్లలో ముందు ఆ మూలకు ఎదురుగా బయట పైపు ఉందేమో చూడాలి.

దీనికి మందు తేలిక. పైపు అడుగున మోచేయి బిగించి, నాలుగు అంగుళాల పీవీసీ పైపును నేలలో పూడ్చి, పదడుగులకు కనీసం అంగుళంపావు వాలుతో గోడకు దూరంగా తీసుకెళ్లండి. ఇంకుడు గుంతకు కలపొచ్చు, కానీ ఆ గుంత పునాదికి పదడుగుల లోపల ఉండకూడదు. చిన్న ప్లాట్లలో చోటు లేక గోడ పక్కనే గుంత తవ్వించి, ఆ తర్వాత గదిలో ఊట వస్తోందని తలపట్టుకునేవాళ్లు తక్కువేం కాదు. నల్లరేగడి నేలలో ఇంకుడు గుంత వానాకాలంలో నిండిన తొట్టిలా ఉండిపోతుంది. అక్కడ పొంగిన నీళ్లు బయటికి పోయే పైపు తప్పనిసరి. డాబా మీద పైపు మూతికి గుండ్రటి జాలీ పెట్టండి. చదునుగా ఉండే జాలీని ఒక్క బాదం ఆకు మూసేస్తుంది.

గోడ చుట్టూ ఆప్రాన్

మొత్తం మరమ్మతుల్లో పెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. గోడ వారగా మూడడుగుల వెడల్పున, బయటికి వాలిన కాంక్రీటు పట్టీ. ఇది పడగానే గోడ అడుగున నీళ్లు నిలవవు, పునాది పక్క మట్టి నానదు. కానీ దీన్ని నిర్లక్ష్యంగా వేస్తే ఉన్న జబ్బు ముదురుతుంది కాబట్టి వివరంగా చూద్దాం.

ముందు ఎత్తు తేల్చుకోండి. పూర్తయ్యాక గోడ వైపు ఆప్రాన్ పైభాగం గది నేలకంటే కనీసం ఆరంగుళాలు కిందుండాలి. వాకిలి రోడ్డుకు సమానం చేద్దామని మట్టి పోసి, గది నేలకంటే ఎత్తుగా పరిచినవాళ్ల గోడలు ఏడాది తిరిగేలోపు పెచ్చులూడతాయి. చెమ్మ ఎక్కకుండా బేస్‌మెంట్ మీద వేసిన డీపీసీ పొర మట్టిలో కూరుకుపోతే దాని పైనున్న ఇటుకలు నేరుగా నీళ్లు పీలుస్తాయి.

ఆప్రాన్ పైమట్టం నుంచి ఆరేడు అంగుళాలు దిగేలా మట్టి తీయండి. బయటపడిన గోడ భాగాన్ని వైరు బ్రష్‌తో రుద్ది, పగుళ్లు పూడ్చి, రెండు డబ్బాల్లోని భాగాలు కలిపి వాడే సిమెంటు ఆధారిత వాటర్‌ప్రూఫ్ పూత రెండు కోట్లు వేయాలి. తవ్విన అడుగు నుంచి నేలకు అడుగు పైదాకా. రెండో కోటు మొదటిదానికి అడ్డంగా లాగాలి. ఆ పూత ఆరాక మూడంగుళాల మొరం పోసి, తడిపి, దిమ్మిసతో గట్టిపడేదాకా కొట్టించండి. మడమతో గట్టిగా నొక్కితే గుంట పడకూడదు. ఈ దశలో తొందరపడితే కాంక్రీటు కింద మట్టి దిగి, పట్టీ గోడ వైపుకే ఒరుగుతుంది. అప్పుడు నీళ్లను మనమే గోడకు మళ్లించినట్టు.

గోడకూ కాంక్రీటుకూ మధ్య అర అంగుళం థర్మోకోల్ పట్టీ నిలబెట్టి, ఒకటి, రెండు, నాలుగు పాళ్లలో సిమెంటు, ఇసుక, 20 మిల్లీమీటర్ల కంకర కలిపి మూడంగుళాల మందాన వేయాలి. ఇరవై అడుగుల పొడవు పట్టీకి సుమారు మూడు బస్తాల సిమెంటు, ఏడు ఘనపుటడుగుల ఇసుక, పద్నాలుగు ఘనపుటడుగుల కంకర పడతాయి. మూడడుగుల వెడల్పుకు గోడ వైపు అంగుళం ఎత్తు ఉంటే వాలు సరిపోతుంది. రసమట్టం పెట్టి చూడండి, కంటికి ఆనిన వాలును నమ్మొద్దు. ఐదారు అడుగులకో అడ్డగాడి వదిలితే పగులు ఆ గాడిలోనే వస్తుంది. తడి గోనెసంచులు కప్పి వారం రోజులు నీళ్లు పట్టాలి, బూడిద (ఫ్లై యాష్) కలిసిన పీపీసీ సిమెంటైతే పది రోజులు.

రెండు మూడు వారాల తర్వాత థర్మోకోల్ గీకేసి, సందులో ఫోమ్ తాడు దూర్చి, పైన పాలీయురేతేన్ సీలెంట్ నింపాలి. ఈ సందు ఎందుకంటే, గోడా ఆప్రానూ ఒకే తీరుగా దిగవు, ముఖ్యంగా నల్లరేగడి మీద. గోడకు అతికించి వేస్తే మొదటి ఎండాకాలంలోనే సరిగ్గా గోడ మూలలో పగులు విచ్చుకుంటుంది. మేస్త్రులు సాధారణంగా ఆ మూలను సిమెంటుతో మెత్తేస్తామంటారు. ఒప్పుకోకండి.

పట్టీ బయటి అంచున నాలుగంగుళాల చిన్న కాలువ వదలండి. పైన నున్నటి టైల్స్ వేయించొద్దు, వానలో కాలు జారుతుంది. బ్రష్ ఫినిష్ చాలు.

గడప మీదుగా వచ్చే నీళ్లు

ఇందులో ఒక మోసం ఉంది. చాలాసార్లు నీళ్లు గడప దాటి రావు, గడప కిందినుంచి వస్తాయి. కర్ర గడప అడుగున వేసిన సిమెంటు ఏళ్లకు పొడిబారి ఖాళీ అవుతుంది. బయటి నీళ్లు ఆ ఖాళీలోంచి దూరి, లోపల మూడో నాలుగో టైలు సందులో తేలతాయి. ఇంట్లోవాళ్లు నేల ఊరుతోందనుకుంటారు. గడప బయటి అంచున సన్నటి చువ్వతో గుచ్చి చూడండి, రెండంగుళాలు లోపలికి దిగితే దొంగ దొరికినట్టే. గుల్లగా ఉన్నది గీకేసి, ఊదేసి, కుంచించుకుపోని గ్రౌట్‌ను పలచగా కలిపి ఒక చివరినుంచి పోయండి. రెండో చివర పొంగి వచ్చేదాకా ఆపకూడదు. గడప జోలికి వెళ్లడం ఇష్టం లేని ఇళ్లలో, దాని ముందు మూడు నాలుగంగుళాల ఎత్తున గ్రానైట్ మెట్టు బయటికి వాలుగా కట్టినా చాలావరకు ఆగుతుంది.

గేటు నుంచి వాకిలి ఇంటివైపుకే వాలి ఉంటే గుమ్మం ముందు అడ్డంగా కాలువ తవ్వాలి. ఆరంగుళాల వెడల్పు, ఎనిమిదంగుళాల లోతు, పైన ఊడదీయగలిగే ఇనుప జాలీ. జాలీని సిమెంటుతో బిగించేస్తే రెండో ఏడు కాలువ నిండా మట్టే. కాలువ ఎక్కడ ముగుస్తుందన్నదానికి లెవెల్ పైపు అంకెలే జవాబు. వీధి కాలువ ఎత్తుగా ఉంటే రెండడుగుల చదరం, మూడడుగుల లోతు గుంత కట్టి, ఫ్లోట్ స్విచ్ ఉన్న అర హెచ్‌పీ మురుగు పంపు పెట్టాలి. పంపు పైపులో నాన్‌ రిటర్న్ వాల్వ్ లేకపోతే పంపు ఆగగానే పైపులోని నీళ్లు గుంతలోకి వెనక్కి దిగి, అది మళ్లీ మళ్లీ ఆన్ అవుతుంది.

గట్టి వానలోనే కరెంటు పోతుంది కదా. మోటారు స్టార్టయ్యే క్షణంలో మామూలు కంటే కొన్ని రెట్లు కరెంటు లాగుతుంది. ఫ్యాన్లకు, లైట్లకు పెట్టిన చిన్న ఇన్వర్టర్ అక్కడే ట్రిప్ అవుతుంది. గుంతలో నీళ్లు నింపి, మెయిన్ ఆపి, ఇన్వర్టర్ మీద పంపు నడుస్తుందో లేదో మే నెలలోనే చూసుకోండి.

బాత్రూంలోంచి ఎదురొచ్చే నీళ్లు

వాకిట్లో ఉన్న ఆఖరి ఛాంబర్ మూత ఎత్తి చూడండి. అది నిండుగా ఉండి, వీధి మ్యాన్‌హోల్ కూడా నిండి ఉంటే నీళ్లు వీధిలోంచి వెనక్కి వస్తున్నట్టు. ఛాంబర్ ఖాళీగా ఉండీ బాత్రూం నిండుతుంటే మధ్యలో అడ్డుంది, శుభ్రం చేయిస్తే పోతుంది. చూడటమంటే పైనుంచి చూడటమే. ఛాంబర్‌లోకో సెప్టిక్ ట్యాంకులోకో మనిషిని దించొద్దు, అందులోని వాయువులు నిమిషాల్లో ప్రాణం తీస్తాయి.

వీధిలోంచి వస్తుంటే ఆఖరి ఛాంబర్‌కూ వీధి లైనుకూ మధ్య నాన్‌ రిటర్న్ వాల్వ్ వేయించాలి. మీ లైను నాలుగంగుళాలదైతే అదే సైజు. వాల్వ్ మీది బాణం వీధి వైపు ఉండాలి, పైన తెరవగలిగే మూతతో చిన్న ఛాంబర్ కట్టాలి. మట్టిలో పూడ్చేసిన వాల్వ్‌లో వెంట్రుకలు, ప్లాస్టిక్ ముక్కలు ఇరుక్కుంటే తలుపు మూసుకోదు, మూసుకోలేదని మీకు తెలిసేది వాన రోజే.

వాల్వ్ వేయించాక రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. అది మూసుకున్నంతసేపు మీ ఇంటి నీళ్లు కూడా బయటికి పోవు. పై అంతస్తులో ఎవరైనా వాషింగ్ మెషీన్ వేస్తే ఆ నీళ్లు మీ బాత్రూంలోనే తేలతాయి. రెండోది మరీ ముఖ్యం. డాబా వాన పైపును డ్రైనేజీలో కలిపి ఉంటే వాల్వ్ వేసేముందే దాన్ని విడదీయండి. లేదంటే వీధి నీళ్లు ఆగుతాయి గానీ మీ డాబా నీళ్లే, గంటకు నాలుగు వేల లీటర్లకు పైగా, జాలీలోంచి గదిలోకి పొంగుతాయి.

వాల్వ్ పడేలోపు వాన వస్తే, జాలీ తీసి రెక్కల నట్టు తిప్పి బిగించే రబ్బరు ప్లగ్ పెట్టొచ్చు. గుడ్డలు కుక్కితే ఒత్తిడికి ఎగిరిపోతాయి. జాలీ మూస్తే నీళ్లు కమోడ్‌లోంచి రావచ్చు, దాన్నీ గమనిస్తుండాలి.

కిటికీలు, పగుళ్లు

యూపీవీసీ, అల్యూమినియం స్లైడింగ్ కిటికీలైతే ముందు కింది ట్రాక్ చూడండి. బయటి వైపు రెండు మూడు చిన్న పొడవాటి రంధ్రాలుంటాయి, ట్రాక్‌లో పడిన వాన నీళ్లు బయటికి పోవడానికి. దుమ్మూ చీమల మట్టీ వాటిని మూసేస్తే ట్రాక్ నిండి గదిలోకి పొర్లుతుంది. కొన్ని ఇళ్లలో నీళ్లు వస్తున్నాయని ఆ రంధ్రాలకే సిలికాన్ కొట్టేసి ఉంటారు! చీపురు పుల్లతో పొడిచి, ఒక గ్లాసు నీళ్లు ట్రాక్‌లో పోసి బయట కారుతోందా చూస్తే ఖర్చు లేకుండా పని అయిపోతుంది.

ఫ్రేము చుట్టూ సందు ఉంటే పాత సీలెంట్ పూర్తిగా కోసి తీసి, ఆరనిచ్చి, న్యూట్రల్ సిలికాన్ లేదా పాలీయురేతేన్ కొట్టాలి. పాతదాని మీద కొత్తది నిలవదు. కిటికీ దిమ్మ బయటికి వాలి ఉండాలి. సన్‌షేడ్ అడుగున అంచుకు అంగుళం లోపల అర అంగుళం గాడి ఉంటే నీళ్లు అక్కడే చుక్కలుగా తెగి పడతాయి. గాడి లేకపోతే షేడ్ అడుగునుంచి గోడ దాకా పాకి వస్తాయి. గాడి తీయించడం కుదరకపోతే అక్కడ సన్నటి అల్యూమినియం ఎల్ పట్టీ అతికించండి. కేబుల్, ఏసీ రంధ్రాలు బయటికి దిగేలా ఉండాలి, వైరు రంధ్రంలోకి వెళ్లేముందు ఒకసారి కిందికి వేలాడి పైకెక్కాలి.

వెంట్రుకవాసి పగుళ్లను పైపైన పుట్టీతో మూయడం దండగ. ఐదు మిల్లీమీటర్ల వెడల్పు, పది మిల్లీమీటర్ల లోతున వి ఆకారంలో గాడి తీసి, దుమ్ము దులిపి, ప్రైమర్ వేసి అక్రిలిక్ క్రాక్ ఫిల్లర్ నింపాలి. బీమూ ఇటుక గోడా కలిసే చోట గీత మళ్లీ మళ్లీ వస్తుంది, ఎందుకంటే కాంక్రీటూ ఇటుకా ఎండకు ఒకేలా సాగవు. అక్కడ గీతకు అటూ ఇటూ నాలుగంగుళాలు ప్లాస్టరింగ్ కొట్టేసి, ఎనిమిదంగుళాల కోడి జాలీ మేకులతో బిగించి, ఎస్‌బీఆర్ బాండింగ్ పూత (కొత్త మాలు పాత గోడకు పట్టుకునేలా రాసే ద్రవం) తడి ఆరకముందే ఒకటికి నాలుగు పాళ్ల మాలు కొట్టాలి. బస్తా సిమెంటుకు 200 మిల్లీలీటర్ల వాటర్‌ప్రూఫ్ ద్రవం మామూలు మోతాదు, అయినా డబ్బా మీద రాసిందే ప్రమాణం. ఎక్కువ పోస్తే ఎక్కువ మేలనుకోవద్దు. పగులు మెట్లు మెట్లుగా ఐమూలగా ఉండి ఏటా వెడల్పవుతుంటే అది పునాది సమస్య, ముందు స్ట్రక్చరల్ ఇంజనీరుకు చూపించండి.

చెమ్మ ఎక్కే గోడ

దీపం వత్తి నూనె పీల్చినట్టు ఇటుక నేలలోని నీళ్లను పైకి లాగుతుంది. రెండు మూడడుగుల ఎత్తున గోధుమరంగు గీత, దాని కింద తెల్లటి ఉప్పు, పెచ్చులు కనిపిస్తాయి. దీని మీద మూడడుగుల టైల్స్ అతికించడం మన దగ్గర మహా ప్రచారంలో ఉన్న వైద్యం. ఆరే దారి మూసుకుపోయి చెమ్మ టైల్స్ దాటి నాలుగో అడుగుకు ఎక్కుతుంది, అంతే.

సరైన పద్ధతి ఇది. చెమ్మ గీతకు అడుగు పైదాకా ప్లాస్టరింగ్ కొట్టేసి, ఉప్పును పొడి బ్రష్‌తో దులపాలి. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. నేలకు ఆరంగుళాల పైన, నాలుగైదు అంగుళాలకో 12 మిల్లీమీటర్ల రంధ్రం వేయాలి, తొమ్మిదంగుళాల గోడకు ఎనిమిదంగుళాల లోతు. ఇటుకల మధ్య మాలు వరసలో వేస్తే మేలు. అందులో, ఇటుక నీళ్లు పీల్చకుండా చేసే సైలేన్ రకం డీపీసీ క్రీము నింపి మూయాలి. తర్వాత ఓపిక పట్టాలి. అంగుళం మందం ఆరడానికి నెల అని లెక్క, తొమ్మిదంగుళాల గోడకు ఒక ఎండాకాలం సరిపోదు. తొందరపడి పీఓపీ, పుట్టీ వేస్తే మళ్లీ ఊడతాయి. సున్నం కలిసిన, ఆవిరి వదిలే ప్లాస్టరింగ్ వేసుకోండి.

నేలలోంచి ఊట

ముందు పైన చెప్పిన బయటి పనులన్నీ చేసి ఒక వానాకాలం చూడండి. చాలా గదుల్లో ఊట దానికే తగ్గుతుంది. తగ్గకపోతే టైల్స్, స్కర్టింగ్ తీసి గట్టి కాంక్రీటు దాకా చెక్కి, గోడా నేలా కలిసే మూలలో రెండంగుళాల గోలా (మూల గుండ్రంగా తిరిగేలా మాలు) కట్టి, లోపలి వైపు వేసినా కిందినుంచి వచ్చే నీటి ఒత్తిడిని తట్టుకునే క్రిస్టలైన్ (కాంక్రీటు సూక్ష్మ రంధ్రాల్లోకి దిగి మూసేది) లేదా సిమెంటు పూత రెండు కోట్లు, గోడ మీద అడుగు ఎత్తుదాకా వేయాలి. మూలలో ఫైబర్ జాలీ మరవద్దు. ఒక్క గదికే చేస్తే నీళ్లు పక్క గదిలో తేలే అవకాశం ఉంది, ఈ మాట మేస్త్రి ముందుగా చెప్పడు.

నేల రోడ్డుకంటే కిందికి పోయిన ఇళ్లకు మిగిలేది ఎత్తు పెంచడమే. గదిలో అడుగు పెంచితే తలుపులు, కిటికీ దిమ్మలు, బాత్రూం, మెట్లు, బోర్డులు అన్నీ కదులుతాయి, పైకప్పు తొమ్మిదడుగులకు దిగుతుంది. జాకీలతో ఇల్లు మొత్తం లేపేవాళ్లున్నారు. పునాది, గోడల స్థితి ఇంజనీరు చూసి రాసివ్వనిదే ఆ సాహసం వద్దు.

పని ఎప్పుడు, ఎలా

తెలంగాణ, కోస్తా మధ్య, ఉత్తర జిల్లాల్లో ఫిబ్రవరి నుంచి మే దాకా. నెల్లూరు, తిరుపతి వైపు గట్టి వానలు అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య ఈశాన్య రుతుపవనాలతో వస్తాయి కాబట్టి ఆగస్టు దాకా వ్యవధి ఉంటుంది. వరస మాత్రం మారకూడదు: డాబా పైపులు, ఆప్రాన్, కాలువ, వాల్వ్, ఆ తర్వాత కిటికీలు, పగుళ్లు, అన్నిటికీ ఆఖరున లోపలి గోడ. రంగు ముందు వేయించుకుంటే రెండుసార్లు వేయించుకోవాలి.

బేరం కుదుర్చుకునేటప్పుడే నాలుగో వంతు డబ్బు హోస్ పరీక్ష అయ్యాకే ఇస్తామని చెప్పండి. పాత నీళ్లు వచ్చిన చోటే అరగంట పట్టి, లోపల పొడిగా ఉంటేనే లెక్క తేల్చాలి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు ట్రాక్ రంధ్రాలు, రబ్బరు ప్లగ్, ఇసుక సంచుల వరకు తామే చూసుకోవచ్చు. మిగతావి వీడియోతో సహా యజమానికి వాట్సాప్‌లో పంపితే తేదీ కూడా నమోదవుతుంది.

ఇక ఏటా మే ఆఖరులో ఒక పూట పని ఉంటుంది: డాబా జాలీలు, అడ్డకాలువ మట్టి, వాల్వ్ తలుపు, కిటికీ ట్రాకులు శుభ్రం చేయడం, పంపును ఒకసారి నడపడం, ఆప్రాన్ సందులో సీలెంట్ గోడనుంచి విడిందేమో గోటితో లాగి చూడటం. విడిన చోట ఆ అడుగు ముక్క కోసి కొత్తది నింపితే చాలు.